పాత్రలోని కణం చెప్పే సాక్ష్యం: సిస్టిక్ ఫైబ్రోసిస్ ఔషధాల ప్రయోగశాల పరీక్షలు

వ్యాససంగ్రహం

సిస్టిక్ ఫైబ్రోసిస్ తల్లిదండ్రులిద్దరి నుంచి సంక్రమించే జన్యువ్యాధి. కణపొరలో క్లోరైడ్ అయాన్లకు దారినిచ్చే ఒక ప్రోటీన్ లోపించడం దీనికి మూలం. ఈ లోపాన్నే సరిదిద్దే మందులు 2012 నుంచి వాడుకలోకి వచ్చాయి. లక్షల రసాయనాల నుంచి అటువంటి మందును వెలికితీయడానికి ప్రయోగశాలలో జరిపే పరీక్షల క్రమాన్ని, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. పరీక్షకు ఎంచుకున్న కణం ఏది, దానిని అడిగిన ప్రశ్న ఏది అన్న రెండు విషయాలు ఏ రోగికి మందు వర్తిస్తుందో చాలావరకు నిర్ణయిస్తున్నాయని నిరూపించి, భారతీయ రోగుల విషయంలో దీని ప్రాధాన్యాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: సిస్టిక్ ఫైబ్రోసిస్, సి.ఎఫ్.టి.ఆర్., ఉత్పరివర్తనం, ఔషధ పరీక్ష, ఉపకళా కణాలు, ఆర్గనాయిడ్లు, అరుదైన వ్యాధులు.

1. ఉపోద్ఘాతం

1938లో న్యూయార్క్‌లో పనిచేస్తున్న వైద్యురాలు డొరొతీ ఆండర్సన్, పోషకాహారలోపంతో మరణించారనుకున్న కొందరు పిల్లల క్లోమగ్రంథిలో తిత్తులు, పీచులాంటి కణజాలం పేరుకుని ఉండడాన్ని గుర్తించి, దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. వ్యాధికి ఆ పేరు అలా వచ్చింది. 1948 వేసవిలో అదే నగరంలో వడగాడ్పులు వీచినప్పుడు ఈ పిల్లలు మిగతావారికంటే తొందరగా సొమ్మసిల్లడం వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ దారిన పరిశోధించిన పాల్ డి సాంట్ ఆగ్నీస్, వీరి చెమటలో ఉప్పు చాలా ఎక్కువగా ఉంటుందని 1953లో తెలియజేశారు. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు రూపొందించిన చెమట పరీక్ష నేటికీ వ్యాధి నిర్ధారణకు ఆధారం.

చెమటలో ఉప్పు ఎందుకు మిగిలిపోతోంది? ఈ ప్రశ్నకు 1983లో పాల్ క్వింటన్ సమాధానం చెప్పారు. ఆయన స్వయంగా ఈ వ్యాధిగ్రస్తుడు. స్వేదనాళాల గోడ క్లోరైడ్‌ను తిరిగి లోపలికి పీల్చుకోలేకపోతోందని ఆయన ప్రయోగాలు చూపాయి. 1989లో లాప్-చీ సూయి, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు ఏడవ క్రోమోజోముపై ఈ వ్యాధికి కారణమైన జన్యువును గుర్తించాయి. దానికి సి.ఎఫ్.టి.ఆర్. అని పేరు.

జన్యువు దొరికిన 23 సంవత్సరాలకు గాని లోపాన్ని సూటిగా సరిదిద్దే మొదటి మందు రాలేదు. లోపం తెలిసినా, ఒక రసాయనం దానిని సరిచేసిందో లేదో చూపగల పరీక్షలు ఉంటేనే మందును వెదకడం సాధ్యమవుతుంది. ఆ పరీక్షల నిర్మాణమే ఈ వ్యాస విషయం.

2. లోపం ఎక్కడ ఉంది?

సి.ఎఫ్.టి.ఆర్. ప్రోటీన్ 1480 అమైనో ఆమ్లాల గొలుసు. శ్వాసనాళాలు, పేగులు, క్లోమనాళాలు, స్వేదనాళాలు మొదలైన వాటి లోగోడలను కప్పి ఉండే ఉపకళా కణాల పైపొరలో ఇది ఒక ద్వారంలా అమరి ఉంటుంది. ద్వారం తెరుచుకున్నప్పుడు క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లు దాటుతాయి. వాటి వెంట నీరు కదులుతుంది. శ్వాసనాళాలలో ఈ కదలిక ఆగితే శ్లేష్మం చిక్కబడి, సూక్ష్మజీవులకు నెలవవుతుంది. పదేపదే వచ్చే అంటురోగాలతో ఊపిరితిత్తులు క్రమంగా దెబ్బతింటాయి. క్లోమరసం పేగులోకి చేరక ఆహారంలోని కొవ్వు జీర్ణం కాదు.

ఈ జన్యువులో రెండు వేలకు పైగా మార్పులు నమోదయ్యాయి. అన్నీ వ్యాధికారకాలు కావు. వ్యాధికారకమైనవి కూడా ఒకే రీతిలో హాని చేయవు. కొన్నింటిలో ప్రోటీన్ అసలు తయారు కాదు. కొన్నింటిలో తయారైనా సరిగా ముడుచుకోక, కణం లోపలి అంతర్జీవద్రవ్యజాలంలోనే చిక్కుకుని నాశనమవుతుంది. మరికొన్నింటిలో కణపొరకు చేరుతుంది గాని ద్వారం తెరుచుకోదు. ఇంకొన్నింటిలో తక్కువ పరిమాణంలో తయారవుతుంది.

ఐరోపా సంతతిలో అత్యధికంగా కనిపించే ఉత్పరివర్తనం ఎఫ్508డెల్. జన్యువులో మూడు న్యూక్లియోటైడ్లు లోపించడంతో 508వ స్థానంలో ఉండవలసిన ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం రాదు. ఇక్కడ నష్టం ఒకటి కాదు. ప్రోటీన్ సరిగా ముడుచుకోదు. ఏ కొద్దిపాటిగానో కణపొరకు చేరినా ద్వారం సరిగా తెరుచుకోదు, అక్కడ ఎక్కువసేపు నిలవదు. జి551డి అనే మరో ఉత్పరివర్తనంలో మాత్రం ప్రోటీన్ గమ్యం చేరుతుంది; తెరుచుకోవడంలోనే లోపం.

ఈ భేదం నుంచి రెండు రకాల మందుల ఆలోచన పుట్టింది. చిక్కుకున్న ప్రోటీన్‌ను కణపొరకు చేర్చేవి కరెక్టర్లు. చేరిన ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేవి పొటెన్షియేటర్లు. ఏ రకం కావాలన్నదానిని బట్టి పరీక్ష కూడా మారవలసి ఉంటుంది.

3. మొదటి వడపోత: లక్షల రసాయనాలు, ఒకే ప్రశ్న

ఔషధ పరిశోధనలో తొలిమెట్టు పెద్దయెత్తున జరిగే వడపోత. చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళేలలో ఒక్కొక్క గుంటలో కణాలను పెంచి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రసాయనం వేసి, యంత్రాల సాయంతో ఫలితాన్ని చదువుతారు. ఇన్ని లక్షల గుంటలలో అయాన్ల కదలికను నేరుగా కొలవడం అసాధ్యం. అందుచేత ఆ కదలికను కాంతిగా మార్చి చూపే ఉపాయం కావాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలన్ వెర్క్‌మన్ బృందం వాడిన పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. పసుపుపచ్చని కాంతినిచ్చే ఒక ప్రోటీన్‌ను కొద్దిగా మార్చి, అయొడైడ్ తగిలితే కాంతి తగ్గేటట్లు చేశారు. సి.ఎఫ్.టి.ఆర్. ద్వారం క్లోరైడ్‌తోపాటు అయొడైడ్‌ను కూడా దాటనిస్తుంది. ఈ రెండు ప్రోటీన్లు ఉన్న కణాలపై అయొడైడ్ ద్రావణం పోసినప్పుడు, ద్వారం తెరిచి ఉంటే కాంతి త్వరగా మసకబారుతుంది. మూసి ఉంటే కాంతి నిలిచి ఉంటుంది. కాంతి ఎంత వేగంగా తగ్గితే ఆ గుంటలోని రసాయనం అంత పనిచేసిందన్నమాట. కణపొర విద్యుత్ పీడనంలోని మార్పును రంగుద్రవ్యాల ద్వారా చూపడం మరొక పద్ధతి. శాన్‌డియాగోలోని అరోరా బయోసైన్సెస్ సంస్థ ఈ మార్గాన్ని అనుసరించింది. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ దీనికి ధనసహాయం చేసింది. 2001లో వెర్టెక్స్ సంస్థ అరోరాను తనలో కలుపుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎఫ్508డెల్ ప్రోటీన్ కణపొరకే చేరకపోతే, దానిని తెరిచే రసాయనాన్ని గుర్తించడం ఎలా? 1992లో వెలువడిన ఒక పరిశీలన దారి చూపింది. ఈ లోపమున్న కణాలను శరీర ఉష్ణోగ్రత వద్ద కాక సుమారు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచితే, ప్రోటీన్‌లో కొంతభాగం సరిగా ముడుచుకుని కణపొరకు చేరుతుంది. పొటెన్షియేటర్ల కోసం వెదికేటప్పుడు కణాలను ముందుగా చల్లగా ఉంచుతారు. కరెక్టర్ల కోసం వెదికేటప్పుడు 37 డిగ్రీల వద్దే ఉంచి, రసాయనంతో కొన్ని గంటలు గడిపిన తర్వాత కొలుస్తారు. ఉష్ణోగ్రతలోని ఈ పది డిగ్రీల తేడా రెండు వేర్వేరు ప్రశ్నలను వేరు చేస్తోంది.

ఈ వడపోతలో 2,28,000 రసాయనాలను పరీక్షించి, దొరికిన వాటిని రసాయనికంగా మెరుగుపరచగా వి.ఎక్స్.-770 అనే పొటెన్షియేటర్ లభించింది. ఇదే ఐవాకాఫ్టర్. కరెక్టర్ల కోసం 1,64,000 రసాయనాలను పరీక్షించగా వి.ఎక్స్.-809, అంటే లుమాకాఫ్టర్ రూపొందింది.

4. రెండవ వడపోత: రోగి కణమే సాక్షి

మొదటి వడపోతలో వాడే కణాలు వేగంగా పెరిగేవి, జన్యుపరంగా మార్చినవి. అవి మనిషి శ్వాసనాళం కావు. ఒక రసాయనం ఎలుక కణంలో పనిచేసి మనిషి కణంలో విఫలం కావచ్చు. అందువల్ల రెండవ దశలో రోగుల శ్వాసనాళ కణాలనే వాడతారు. ఊపిరితిత్తుల మార్పిడి జరిగినప్పుడు తొలగించిన ఊపిరితిత్తుల నుంచి వీటిని సేకరిస్తారు. రంధ్రాలున్న పలుచని పొరపై కణాలను పరిచి, కింద పోషకద్రవం, పైన గాలి ఉండేటట్లు కొన్ని వారాలు పెంచుతారు. అప్పుడవి శైలికలు ఆడించే కణాలుగా, శ్లేష్మం స్రవించే కణాలుగా విడివడి శ్వాసనాళం లోగోడను పోలిన పొరగా ఏర్పడతాయి.

ఈ పొరలో అయాన్ల కదలికను కొలిచే సాధనం డెన్మార్క్ శాస్త్రవేత్త హన్స్ ఉస్సింగ్ 1950ల తొలినాళ్ళలో కప్ప చర్మంపై పరిశోధనల కోసం రూపొందించినది. రెండు గదుల మధ్య కణపొరను గోడలా అమర్చి, ఇరువైపులా ఒకే ద్రావణం నింపుతారు. రెండు వైపుల మధ్య విద్యుత్ పీడన భేదాన్ని సున్నాకు తెచ్చి నిలిపి, అందుకు అవసరమైన విద్యుత్ ప్రవాహాన్ని కొలుస్తారు. ఆ ప్రవాహం పొరను దాటిన అయాన్ల నికర పరిమాణానికి సమానం.

పరీక్ష ఒక క్రమంలో సాగుతుంది. మొదట అమిలోరైడ్ చేర్చి సోడియం మార్గాలను మూస్తారు. తర్వాత ఫోర్స్‌కొలిన్ చేర్చి సి.ఎఫ్.టి.ఆర్.ను క్రియాశీలం చేస్తారు. ఆపైన పరీక్షించదలచిన మందును చేరుస్తారు. చివర సి.ఎఫ్.టి.ఆర్.ను మాత్రమే అడ్డుకునే నిరోధకాన్ని చేరుస్తారు. పెరిగిన ప్రవాహం అప్పుడు పడిపోతే, అది ఆ ద్వారం గుండానే వచ్చిందని రుజువవుతుంది. పడిపోకపోతే మందు మరేదో మార్గాన్ని తెరిచిందని అర్థం. ఈ చివరిమెట్టు లేని కొలత నమ్మదగినది కాదు. మందును కరిగించిన ద్రావకాన్ని మాత్రమే చేర్చిన పొరను పోలిక కోసం పక్కన ఉంచుతారు. ఒక్కరి కణాలు పదిమందికి ప్రతినిధులు కాలేవు గనుక, వేర్వేరు దాతల కణాలపై ప్రయోగాన్ని పునరావృతం చేస్తారు.

జి551డి ఉత్పరివర్తనం గల రోగి కణాలలో ఐవాకాఫ్టర్ క్లోరైడ్ స్రావాన్ని సుమారు పదిరెట్లు పెంచి, సాధారణ స్థాయిలో దాదాపు సగానికి తెచ్చిందని 2009లో ప్రచురించారు. ఎఫ్508డెల్ కణాలలో లుమాకాఫ్టర్ ఒంటరిగా సాధారణ స్థాయిలో 14 శాతం వరకే తేగలిగిందని 2011లో వెల్లడించారు.

5. పాత్ర నుంచి మనిషికి

ప్రయోగశాలలో కనిపించిన ఈ తేడా రోగులలో ఎలా ప్రతిఫలించింది? జి551డి రోగులలో 24 వారాల పరీక్షలో, ఒక సెకనులో బలంగా వదలగల గాలి పరిమాణం అనే కొలమానం ఐవాకాఫ్టర్ వల్ల ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 10.6 శాతాంశాలు మెరుగుపడింది. చెమటలో క్లోరైడ్ బాగా తగ్గింది. 2012 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతినిచ్చింది. ఎఫ్508డెల్ ప్రతులు రెండు ఉన్నవారికి లుమాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిపి ఇచ్చినప్పుడు మెరుగుదల 2.6 నుంచి 4 శాతాంశాల మధ్యే నిలిచింది. ఈ కలయికకు 2015లో అనుమతి లభించింది. ప్రయోగశాల అంచనాకు ఇది దగ్గరగానే ఉంది.

ఈ పరిమిత ఫలితానికి కారణాలు వెదికినవారు 2014లో ఒక ఊహించని విషయం కనుగొన్నారు. కణాలకు ఐవాకాఫ్టర్‌ను కొన్ని నిమిషాలు కాక, రోగి వాడినట్లుగా రోజుల తరబడి అందిస్తే, కరెక్టర్ కణపొరకు చేర్చిన ఎఫ్508డెల్ ప్రోటీన్ నిలకడ తగ్గుతోంది. ఒక మందు చేసిన మేలును మరొకటి కొంత హరిస్తోంది. మందును నిమిషాలపాటే ఉంచి కొలిచిన పరీక్షలలో ఇది కనిపించదు. కొలిచే సాధనం ఎంత సున్నితమైనదైనా, అడగని ప్రశ్నకు సమాధానం చెప్పదు.

తర్వాతి తరం పరిశోధన ప్రోటీన్‌పై వేర్వేరు చోట్ల పనిచేసే రెండు కరెక్టర్లను ఒక పొటెన్షియేటర్‌తో కలిపింది. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలయికకు 2019 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఎఫ్508డెల్ ప్రతి ఒక్కటే ఉండి, రెండవ ప్రతి ఏమాత్రం పనిచేయని రోగులలో సైతం 24 వారాలలో 14.3 శాతాంశాల మెరుగుదల కనిపించింది.

6. తప్పుదారి పట్టించే సాక్షులు

ఈ విజయాల పక్కన వైఫల్యాలను కూడా చూడాలి. 1992లో సి.ఎఫ్.టి.ఆర్. లేని ఎలుకలను సృష్టించారు. వాటికి పేగులలో అడ్డంకి ఏర్పడింది గాని, మనుషులలో ప్రాణాంతకమయ్యే ఊపిరితిత్తుల వ్యాధి రాలేదు. ఎలుక శ్వాసనాళంలో క్లోరైడ్‌కు వేరే మార్గం ఉండడం దీనికి ఒక ముఖ్య కారణం. 2008లో పందులలో, ఫెరెట్ అనే ముంగిస వంటి జంతువులలో నమూనాలు తయారైన తర్వాతే మనిషిని పోలిన ఊపిరితిత్తుల వ్యాధిని జంతువులలో అధ్యయనం చేయడం సాధ్యమైంది.

అటాలురెన్ కథ మరింత గుణపాఠం చెబుతుంది. జన్యుసందేశం మధ్యలో అకాలంగా వచ్చే విరామ సంకేతాన్ని దాటించి, పూర్తి ప్రోటీన్ తయారయ్యేటట్లు చేయడం ఈ మందు ఉద్దేశం. మిణుగురు పురుగులోని వెలుగునిచ్చే లూసిఫెరేజ్ అనే ఎంజైమును సూచికగా వాడి దీనిని ఎంపిక చేశారు. వెలుగు పెరిగితే విరామ సంకేతాన్ని దాటినట్లు లెక్క. అయితే ఈ రసాయనం లూసిఫెరేజ్‌కే అంటుకుని దాని నిలకడను పెంచుతుందని, అందువల్ల కూడా వెలుగు పెరగవచ్చునని 2009లో ఇతర శాస్త్రవేత్తలు చూపారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులపై జరిగిన రెండు పెద్ద పరీక్షలలోనూ అటాలురెన్ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 2017లో ఈ వ్యాధి విషయంలో ఆ ప్రయత్నాన్ని విరమించారు. సూచిక చూపిన వెలుగును రోగంలో మార్పుగా భావించే ముందు, వేరొక సూచికతో సరిచూడడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

7. పరీక్షే అనుమతికి ఆధారమైనప్పుడు

వందలాది అరుదైన ఉత్పరివర్తనాలలో కొన్ని ప్రపంచం మొత్తంమీద కొద్దిమందిలోనే ఉంటాయి. అంత తక్కువమందితో సంప్రదాయ వైద్యపరీక్ష జరపడం సాధ్యం కాదు. ఈ సమస్యకు రెండు సమాధానాలు వచ్చాయి.

మొదటిది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో అభివృద్ధి చెందింది. రోగి పురీషనాళం నుంచి సూదిమొనంత కణజాలం తీసి, దానిలోని మూలకణాలను పెంచితే చిన్న బుడగల వంటి ఆర్గనాయిడ్లు ఏర్పడతాయి. వాటికి ఫోర్స్‌కొలిన్ అందిస్తే, సి.ఎఫ్.టి.ఆర్. పనిచేస్తున్న బుడగలోకి క్లోరైడ్, నీరు చేరి అది ఉబ్బుతుంది. పనిచేయకపోతే ఉబ్బదు. మందు చేర్చిన తర్వాత ఉబ్బితే ఆ రోగికి మందు పనిచేసే అవకాశం ఉందన్నమాట. 2013లో ప్రచురితమైన ఈ పద్ధతిలో ఉత్పరివర్తనం పేరు తెలియకపోయినా రోగి కణమే సమాధానం చెబుతుంది.

రెండవది ఎలుక థైరాయిడ్ కణాల పద్ధతి. సహజంగా సి.ఎఫ్.టి.ఆర్. లేని ఈ కణాలలో ఒక్కొక్క ఉత్పరివర్తనాన్ని ప్రవేశపెట్టి, మందుతో క్లోరైడ్ ప్రవాహం ఎంత పెరిగిందో కొలుస్తారు. సాధారణ స్థాయిలో కనీసం పది శాతం పెరుగుదల ఉంటే మందుకు ప్రతిస్పందించినట్లు పరిగణిస్తారు. 2017 మేలో అమెరికా నియంత్రణ సంస్థ ఈ ప్రయోగశాల ఆధారంతోనే ఐవాకాఫ్టర్‌ను మరో 23 ఉత్పరివర్తనాలకు విస్తరించింది. 2020 డిసెంబరులో మూడు మందుల కలయికకు మరో 177 ఉత్పరివర్తనాలు జతచేరాయి. పాత్రలోని కణం సాక్ష్యం మనుషులపై పరీక్షకు ప్రత్యామ్నాయంగా అంగీకరించబడడం ఔషధ చరిత్రలో గమనించదగిన మలుపు.

దీనికీ హద్దులున్నాయి. ఈ కణాలలో ప్రవేశపెట్టేది జన్యువులోని వ్యర్థభాగాలు తొలగించిన సంక్షిప్త ప్రతి. సందేశాన్ని కత్తిరించి అతికే దశలో జరిగే పొరపాట్లు ఇందులో కనిపించవు. అటువంటి ఉత్పరివర్తనాలకు రోగి సొంత కణాలే శరణ్యం.

8. భారతీయ రోగుల స్థానం

భారతదేశంలో ఈ వ్యాధి లేదని చాలాకాలం భావించారు. దగ్గు, బరువు పెరగకపోవడం వంటి లక్షణాలు క్షయగానో పోషకాహారలోపంగానో పొరబడడానికి అవకాశమిస్తాయి. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ, వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట్ల జరిగిన అధ్యయనాలు వ్యాధి ఇక్కడా ఉందని చూపాయి. ఐరోపా సంతతి రోగులలో అత్యధికులకు ఎఫ్508డెల్ కనీసం ఒక ప్రతి ఉంటుంది. భారతీయ రోగులలో దాని వాటా అంతకంటే బాగా తక్కువ. ఇక్కడ నమోదైన 3849+10కెబి సి నుంచి టి అనే మార్పు, సరిగ్గా ఎలుక థైరాయిడ్ కణాల పద్ధతి చూపలేని కోవకు చెందినది. దీనికి ఐవాకాఫ్టర్ అనుమతి రోగులపై జరిపిన పరీక్ష ద్వారానే వచ్చింది. దక్షిణాసియా సంతతిలో కనిపించే 1161డెల్‌సి వల్ల పూర్తి ప్రోటీన్ తయారు కాదు గనుక, నేటి కరెక్టర్లకు, పొటెన్షియేటర్లకు అక్కడ పనిలేదు.

తెలుగు ప్రాంతాలకు సంబంధించిన మరో అంశం మేనరికం. దగ్గరి రక్తసంబంధంలో వివాహం జరిగినప్పుడు బిడ్డకు ఒకే అరుదైన ఉత్పరివర్తనం రెండు ప్రతులుగా వచ్చే అవకాశం పెరుగుతుంది. ఐరోపాలో అరుదైన ఉత్పరివర్తనం ఉన్న రోగికి చాలాసార్లు రెండవ ప్రతి ఎఫ్508డెల్ అయి ఉంటుంది. దాని ఆధారంతో మందు వర్తిస్తుంది. మేనరికపు బిడ్డకు ఆ ఆసరా ఉండదు. ఆ ఒక్క ఉత్పరివర్తనాన్ని ఎవరైనా, ఎక్కడైనా పరీక్షించి ఉంటేనే మందు గురించి నిర్ణయం సాధ్యం.

ధర మరో పెద్ద అడ్డంకి. మూడు మందుల కలయిక అమెరికాలో విడుదలైనప్పుడు సంవత్సరానికి మూడు లక్షల డాలర్లకు పైగా పలికింది. అయితే మందు అందుబాటులోకి వచ్చిన రోజున కూడా, అది ఏ బిడ్డకు పనిచేస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అంత ఖరీదైన మందును పనిచేయనివారికి ఇవ్వడం, పనిచేసేవారికి నిరాకరించడం రెండూ నష్టాలే.

9. ముగింపు

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఔషధాల చరిత్ర నుంచి మూడు విషయాలు తేటపడుతున్నాయి. ఒకటి, వడపోతలో వేగానికి వాడే కణం, నిర్ధారణకు వాడే కణం వేర్వేరుగా ఉండాలి. రెండు, మందు ఏ మార్గంలో పనిచేసిందో నిరోధకంతోను, మరొక సూచికతోను సరిచూడాలి; రోగి వాడే కాలవ్యవధిని పరీక్షలో అనుకరించాలి. మూడు, ప్రయోగశాల పరీక్ష అనుమతికి ఆధారమైన తర్వాత, పరీక్షకు రాని ఉత్పరివర్తనం చికిత్సకు కూడా రానట్లే.

ఈ మూడవ విషయం మన పరిశోధన సంస్థలకు ఒక పనిని నిర్దేశిస్తోంది. చెమట పరీక్షను జిల్లా స్థాయికి విస్తరించడం, దొరికిన రోగుల జన్యువును పూర్తిగా చదవడం, వారి అనుమతితో ముక్కు లేదా పేగు కణాలను సేకరించి భద్రపరచి పరీక్షించడం ఇందులో వరుసగా రావలసిన దశలు. ఇందుకు కావలసిన పద్ధతులన్నీ ఇప్పటికే ప్రచురితమై ఉన్నాయి. ఉట్రెక్ట్‌లో ఒక బిడ్డ ఆర్గనాయిడ్ ఉబ్బిందా లేదా అని ఒక్క గంటలో చూడగలిగిన పరీక్షను హైదరాబాదులోనో వెల్లూరులోనో మన బిడ్డల కణాలకు జరపడమే మిగిలిన పని.